చదవలేని ఉత్తరాల పెట్టె: మిస్సోరిలో ఒక జర్మన్ వలస కుటుంబం దాచుకున్నవి

మిస్సోరి కోడలు:

సభ్యులందరికీ నమస్కారం. మాది తెనాలి దగ్గర ఒక పల్లె. పెళ్లయిన తరువాత పంతొమ్మిదేళ్లుగా అమెరికాలో, మిస్సోరి రాష్ట్రం వారెన్ కౌంటీలో ఉంటున్నాను. మా వారి తల్లిగారి వైపు వారు జర్మనీ నుంచి వచ్చినవారు. మా అత్తగారి ముత్తాత 1857లో, తన ఇరవై నాలుగో ఏట, వెస్ట్‌ఫాలియాలోని టెక్లెన్‌బుర్గ్ ప్రాంతం నుంచి బయలుదేరి, బ్రెమెన్ రేవులో తెరచాప ఓడ ఎక్కి, న్యూ ఆర్లీన్స్‌లో దిగి, మిసిసిపీ నది మీద పొగపడవలో సెయింట్ లూయిస్ దాకా వచ్చి ఇక్కడ స్థిరపడ్డారట.

ఆయన వెంట తెచ్చుకున్న ఓక్ చెక్క పెట్టె ఇప్పటికీ మా ఇంట్లో ఉంది. మూలలకు ఇనుప బద్దీలు కొట్టి, ముందు పలక మీద తెల్ల రంగుతో పేరూ సంవత్సరమూ రాశారు. పోయిన నెల అత్తగారు ఆ పెట్టె తాళంచెవి నా చేతిలో పెట్టి, అది వాళ్ల అమ్మమ్మ నుంచి అమ్మకు, అమ్మ నుంచి తనకు వచ్చిందనీ, తనకు ఆడపిల్లలు లేరు కనుక ఇక మీదట నేనే చూసుకోవాలనీ చెప్పారు. ఆవిడకు ఎనభై అయిదేళ్లు.

లోపల 1858 నుంచి 1948 వరకు వచ్చిన 63 ఉత్తరాలు, తోలు అట్ట ఊడిపోయిన ఒక కీర్తనల పుస్తకం, కాగితంలో మడిచిన చిన్నపిల్లల జుట్టు పాయ ఒకటి, సైనిక దుస్తుల్లో ఉన్న ఒక కుర్రవాడి ఫొటో ఉన్నాయి. 1868 నాటి ఒక ఉత్తరానికి నల్లటి అంచు ఉంది. దానికి అరచేతిలో సగమంత ముతక బట్ట ముక్కను గుండుసూదితో గుచ్చారు. సూది తుప్పు పట్టి, బట్ట మీదా కాగితం మీదా ఒకే చోట ఎర్రటి మచ్చ దిగింది.

ఈ ఉత్తరాలను ఇంట్లో ఎవరూ చదవలేరు. అత్తగారికి చిన్నప్పుడు విన్న నాలుగు మాటలు తప్ప జర్మన్ రాదు. కళాశాలలో జర్మన్ చదువుకున్న మా స్నేహితురాలికి చూపిస్తే, ఒక్క పదం కూడా కూడబలుక్కోలేకపోయింది. ఇంట్లో చెప్పుకునే కథ ఏమిటంటే, అక్కడ మాకు పెద్ద పొలం ఉండేదనీ, అన్నగారు ఆస్తి అంతా తీసుకుని తమ్ముణ్ణి వెళ్లగొట్టాడనీ. చాలా కవర్ల మీద పంపినవారి పేరు పక్కన హాయర్‌మాన్ అన్న మాట ఒక్కటి మాత్రం వేరే లిపిలో స్పష్టంగా కనబడుతుంది. అది బంధువుల ఇంటి పేరు అనుకుని మా అత్తగారి అన్నగారు 1974లో జర్మనీ వెళ్లి ఆ పేరు గలవాళ్ల కోసం పది రోజులు తిరిగి, ఎవరూ దొరక్క వెనక్కి వచ్చారు.

వీటిని ఎలా చదివించుకోవాలి? ఎలా భద్రపరచాలి? ఈ విషయం తెలిసినవారు చెప్పగలరని ఇక్కడ రాస్తున్నాను.

రైన్ ఒడ్డున:

కోడలు గారూ, మీ స్నేహితురాలిని తప్పుపట్టకండి. ఈనాటి జర్మన్లలో కూడా ఎక్కువమంది తమ సొంత తాతల ఉత్తరాలు చదవలేరు. వాటిని రాసిన లిపిని కుర్రెంట్ అంటారు. మన దగ్గర కరణాలు రాసిన గొలుసుకట్టు తెలుగును చూసినవారికి ఇది సులభంగా అర్థమవుతుంది. భాష మనదే, అక్షరాలూ మనవే, అయినా పాత రెవెన్యూ కాగితం చేతికిస్తే తెల్లమొహం వేస్తాం కదా, ఇదీ అటువంటిదే. కుర్రెంట్‌లో 'ఇ (e)' అక్షరం మనకు తెలిసిన 'ఎన్' లాగా ఉంటుంది. 'యు' అక్షరాన్ని 'ఎన్' నుంచి వేరుగా గుర్తించడానికి దాని నెత్తిన చంద్రవంక లాంటి గీత పెడతారు. 'ఎస్' ఒక్కటే రెండు మూడు రూపాల్లో కనబడుతుంది. మనుషుల పేర్లను, ఊళ్ల పేర్లను, చిరునామాలను మాత్రం చాలామంది లాటిన్ అక్షరాల్లో రాసేవారు. హాయర్‌మాన్ అన్న మాట మీకు స్పష్టంగా కనబడటానికి కారణం అదే అయి ఉంటుంది.

1915 నుంచి జర్మనీలోని ప్రష్యా బడుల్లో జ్యుటర్లిన్ అనే సరళమైన రూపాన్ని నేర్పించారు. 1941లో నాజీ ప్రభుత్వం ఈ పాత లిపులన్నిటినీ బడుల నుంచి తీసివేసింది. ఆ ఒక్క ఉత్తర్వుతో తరువాతి తరాలకు ఇంట్లోని కాగితాలే పరాయివైపోయాయి. అమెరికాలో ఉన్నవారికి లిపితోపాటు భాష కూడా పోయింది కనుక, మీ పెట్టెకు రెండు తాళాలు పడ్డాయన్నమాట.

ఇక మీరు రాసిన ఆ మాట గురించి చెబుతాను. నేను బోహుమ్‌లో ఉంటాను, మీరు చెప్పిన టెక్లెన్‌బుర్గ్ మాకు ఉత్తరాన దగ్గరే. ఆ ప్రాంతంలో హాయర్‌మాన్ అన్నది, ఇంటి పేరుగా కూడా ఉన్నప్పటికీ, ముందుగా ఒక బతుకుతెరువు పేరు. సొంత భూమి లేక, ఒక రైతు దగ్గర చిన్న ఇల్లూ కాస్త పొలం చెక్కా కౌలుకు తీసుకుని, అద్దె కట్టడమే కాక ఆ రైతు ఎప్పుడు కబురు పెడితే అప్పుడు వెళ్లి అతని పొలంలో పనిచేసే మనిషిని అలా పిలిచేవారు. కవరు మీద దాని తరువాత ఇంకొక పేరు ఉందేమో చూడండి. ఉంటే అది ఆ రైతు పేరు అయ్యే అవకాశం ఎక్కువ. ఒక ఫొటో పెట్టగలరా?

దస్త్రాల గది:

అమ్మా, నేను ముప్పై ఏళ్లు పాత కాగితాల మధ్యనే ఉద్యోగం చేసి రిటైరయ్యాను. చదివించడం కంటే ముందు చేయవలసిన పని ఒకటుంది. దయచేసి వాటిని లామినేషన్ చేయించవద్దు, చిరిగిన చోట సెల్లోటేపు అంటించవద్దు. మా తాతగారి దానపత్రాన్ని మా తమ్ముడు భక్తితోనే ఒక జిరాక్స్ దుకాణంలో ప్లాస్టిక్ వేయించాడు. వేడికి సిరా పాలిపోయింది, లోపల చిక్కుకున్న చెమ్మకు పదేళ్లలో కాగితం గోధుమరంగుకు తిరిగింది, దాన్ని ఇప్పుడు విడదీయడం ఎవరి తరమూ కాదు. ఆ దానపత్రం తలచుకుంటే నాకు ఇప్పటికీ కడుపు తరుక్కుపోతుంది.

మీ ఉత్తరాలు ఎక్కువ భాగం మాచికాయ, అన్నభేది కలిపి కాచిన సిరాతో రాసినవై ఉంటాయి. మన తాతలు కరక్కాయతో చేసుకున్న సిరాకు ఇది దగ్గరి చుట్టం. అందులోని ఇనుము, ఆమ్లం కలిసి కాలక్రమేణా కాగితాన్ని తినేస్తాయి. అక్షరాల వెంబడి కాగితం చిల్లులు పడటం మీరు గమనించే ఉంటారు. చెమ్మ తగిలితే ఈ తినడం వేగమవుతుంది. కనుక అటక మీదా వద్దు, నేలమాళిగలోనూ వద్దు. ఇంటి మధ్య గదిలో, వేడీ చెమ్మా పెద్దగా మారని చోట, ఆమ్లం లేని కాగితపు ఫోల్డర్లలో ఉంచండి. మీకు ఆశ్చర్యంగా ఉండవచ్చు గానీ, 1858 నాటి ఉత్తరం 1920 నాటి ఉత్తరం కంటే గట్టిగా ఉండే అవకాశం ఎక్కువ. పాత కాగితం నారబట్ట పీలికల గుజ్జుతో చేసినది, తరువాతిది కర్ర గుజ్జుతో చేసినది.

ఆ ఓక్ పెట్టెలో మాత్రం తిరిగి పెట్టకండి. ఓక్ చెక్క నుంచి వెలువడే ఆమ్లపు ఆవిరి కాగితానికి మంచిది కాదు. పెట్టెను పెట్టెగానే గౌరవంగా ఉంచుకోండి. గుండుసూదిని మీరే లాగవద్దు, తెలిసినవారి చేత తీయించండి. తీసిన తరువాత బట్టనూ ఉత్తరాన్నీ వేర్వేరు కవర్లలో పెట్టి, రెండింటి మీదా ఒకే సంఖ్య వేయండి. సంఖ్య ఎప్పుడూ మెత్తటి పెన్సిల్‌తో, వెనుక మూలన వేయాలి. ముఖ్యంగా, ఇప్పుడు ఏ కట్టలో ఏది ఉందో ఆ వరస చెరిపేయకండి. మీ అత్తగారి అమ్మమ్మ ఏ ఉత్తరాన్ని దేని పక్కన పెట్టారో అది కూడా ఒక సమాచారమే.

చీరాల మగ్గం:

కోడలు గారూ, నాకు ఆ బట్ట ముక్క మీద దృష్టి పడింది. మాది నేతకుటుంబం. అది నూలా, నారా? అంచు నేత అంచేనా, కత్తిరించినదా? పోగు సన్నగా ఒకే తీరుగా ఉందా, అక్కడక్కడ లావుగా ముడిపడినట్టు ఉందా?

మిస్సోరి కోడలు:

అందరికీ ధన్యవాదాలు. దస్త్రాల గది గారూ, లామినేషన్ చేయించాలన్న ఆలోచన నిజంగానే ఉండింది. మీ మాట సమయానికి అందింది.

చీరాల మగ్గం గారూ, భూతద్దం పెట్టి చూశాను. ఒక పక్క నేత అంచు ఉంది, మిగిలిన మూడు పక్కలూ కత్తిరించినవి. పోగు ఒకే తీరుగా లేదు, మీరన్నట్టు లావుపాటి ముడులు ఉన్నాయి. తాకితే చల్లగా, కొంచెం గరుకుగా ఉంది.

రైన్ ఒడ్డున గారూ, కవరు ఫొటోనూ, 1868 ఉత్తరం రెండు వైపుల ఫొటోలనూ జతపరిచాను. మీరు ఊహించినట్టే హాయర్‌మాన్ తరువాత బై అని ఒక చిన్న మాట, కోలోన్ అని ఇంకొక మాట, ఆ తరువాత ఒక పేరు ఉన్నాయి. కోలోన్ అంటే కొలోన్ నగరం అనుకున్నాం మేము.

రైన్ ఒడ్డున:

కోలోన్ అంటే ఇక్కడ నగరం కాదండీ. ఆ ప్రాంతంలో సొంత కమతం గల పూర్తి రైతును కోలోన్ అనేవారు. బై అంటే 'దగ్గర' అని అర్థం. అంటే మీ ఉత్తరం పంపినాయన ఫలానా రైతు దగ్గర కౌలు కూలీగా ఉన్నానని తన చిరునామాలోనే చెప్పుకున్నాడు. చెప్పడానికి కొంచెం కష్టంగా ఉంది గానీ, మీ ఇంటి కథలోని పెద్ద పొలం ఆ కుటుంబానిది కాదు. అన్న తమ్ముణ్ణి వెళ్లగొట్టడానికి అక్కడ ఆస్తే లేదు.

అలాంటి కథ ఎందుకు పుట్టిందో ఊహించడం కష్టం కాదు. వాయవ్య జర్మనీలో పొలాన్ని ముక్కలు చేయకుండా ఒక్క వారసుడికే ఇచ్చేవారు, మిగిలినవారు ఎంతో కొంత తీసుకుని బయటికి పోవలసిందే. నైరుతి జర్మనీలో దీనికి భిన్నంగా అందరికీ పంచి పంచి, చివరికి ఎవరికీ తిండికి చాలని చెక్కలు మిగిలేవి. రెండు చోట్లా ఫలితం వలసే. మీ వాళ్లు ఈ రెండింటికీ కింద ఉన్న మూడో వరసవారు. వేసవిలో గడ్డి కోయడానికి హాలండ్ వెళ్లి, శీతాకాలమంతా అవిసె నార వడికి బట్ట నేసి అమ్ముకుని, ఆ రెండింటితోనే కౌలు కట్టేవారు. మరలపై నేసిన చవక బట్ట రావడంతో చేతినేత నారబట్ట ధర కుప్పకూలింది. 1840లలో బంగాళదుంపకు తెగులు వచ్చింది. వారెన్, సెయింట్ చార్లెస్ కౌంటీల్లో టెక్లెన్‌బుర్గ్, ఓస్నాబ్రుక్ వాళ్లు అంతమంది ఎందుకున్నారో దీన్నిబట్టి తెలుస్తుంది. ఒకరు వెళ్లి ఉత్తరం రాస్తే, ఆ ఉత్తరాన్ని ఊరంతా చదివి ఇంకో పదిమంది కదిలేవారు.

పేర్ల విషయంలో ఇంకొక హెచ్చరిక. ఆ ప్రాంతంలో ఇల్లరికం వెళ్లిన అల్లుడు భార్య ఇంటి పొలం పేరునే తన ఇంటి పేరుగా పెట్టుకునేవాడు. కనుక అన్నదమ్ములిద్దరికీ వేర్వేరు ఇంటి పేర్లు ఉండటం అక్కడ మామూలే. మీరు వెతికేటప్పుడు ఇంటి పేరును కాక, ఊరిని, చర్చిని పట్టుకోండి. బ్రెమెన్ ఓడ ప్రయాణికుల జాబితాలు చాలా భాగం నాశనమైపోయాయి. హాంబుర్గ్‌వి 1850 నుంచి 1934 వరకు నిలిచాయి గానీ మీ వాళ్లు ఆ దారిన రాలేదు. చర్చి రిజిస్టర్లు మాత్రం ఉంటాయి. ప్రొటెస్టెంట్ చర్చిల రిజిస్టర్లు చాలావాటిని ఆర్కియోన్ అనే జాలస్థలంలో రుసుము కట్టి చూడవచ్చు.

ఉత్తరం చదవడానికి నాకు రెండు మూడు రోజులు వ్యవధి ఇవ్వండి.

చీరాల మగ్గం:

అవిసె నార, చేతితో వడికిన పోగు అని నేను అనుకున్నదే నిజమైంది. మరల బట్ట మా పూర్వీకుల మగ్గాలను ఏం చేసిందో మా ఇంట్లో ఇప్పటికీ చెప్పుకుంటాం. అదే కాలంలో అదే దెబ్బ తిన్న మనుషులు వెస్ట్‌ఫాలియాలో ఉన్నారని నాకు ఇంతవరకు తెలియదు. ఈ రాత్రి ఈ సంగతి మా నాన్నగారికి చదివి వినిపిస్తాను.

గుంటూరు వాసి:

నల్ల అంచు అన్న మాట దగ్గర నేను ఆగిపోయాను. మన ఇళ్లల్లో శుభలేఖ మూలలకు పసుపు రాస్తాం, చావు కబురు మోసుకొచ్చిన కార్డును చదివిన మరుక్షణం చించివేస్తాం. ఇంట్లో ఉంచకూడదంటారు. మా నాయనమ్మ పోయినప్పుడు మా పెద్దనాన్న రాసిన కార్డు అలాగే పోయింది, ఆయన చేతిరాత ఇంకెక్కడా మిగల్లేదు. జర్మన్ కుటుంబాలు సరిగ్గా ఆ ఉత్తరాలనే జాగ్రత్తగా దాచుకున్నాయి. ఏది సబబు అని నేను తీర్పు చెప్పను గానీ, మన ఇళ్లల్లో మరణాల తేదీలు ఎందుకు దొరకవో నాకు ఇప్పుడు అర్థమవుతోంది.

జర్మన్ వలసవారి ప్రస్తావన వచ్చింది కనుక ఒక మాట. మా గుంటూరులో మొదటి లూథరన్ మిషనరీ హయ్యర్ గారు కూడా అలా వలస వెళ్లినవారే. 1793లో హెల్మ్‌స్టెట్‌లో పుట్టి, 1807లో పద్నాలుగేళ్ల కుర్రవాడిగా ఫిలడెల్ఫియాలోని మేనమామ దగ్గరికి చేరి, 1842 జులై 31న గుంటూరు వచ్చారు. తరువాత పల్నాడులో గురజాల దాకా పనిచేశారు. డెబ్బై ఏళ్లు దాటాక 1869లో మళ్లీ మన ప్రాంతానికి వచ్చారు. ఒక జర్మన్ పల్లెటూరి పెట్టెకూ తెనాలి అమ్మాయికీ ఏమి సంబంధం అని ఎవరైనా అనుకుంటే, ఆ దారి ఎప్పుడో పడి ఉందని చెప్పడానికే ఇది రాశాను.

డకోటా గాలి:

కోడలు గారూ, మీ ఉత్తరాలలో 1914 నుంచి 1920 మధ్య ఖాళీ ఏమైనా ఉందా? నేను నార్త్ డకోటా రాష్ట్రం ఫార్గోలో ఉంటాను. ఇక్కడ చాలా కుటుంబాల కట్టలు సరిగ్గా అక్కడే తెగిపోతాయి.

ఇక్కడి వారి కథ మీవారి కంటే ఇంకొక మలుపు తిరిగింది. 1763లో మహారాణి కేథరిన్ పిలుపు మీద జర్మన్లు రష్యా వెళ్లి ఓల్గా తీరాన, తరువాతి కాలంలో నల్ల సముద్రం దగ్గర ఊళ్లు కట్టుకున్నారు. సైన్యంలో చేరనక్కరలేదన్న హామీని 1870లలో రద్దు చేయడంతో అక్కడి నుంచి డకోటా, కాన్సాస్, నెబ్రాస్కాలకు వలస వచ్చారు. రష్యాలో ఉండిపోయిన అన్నదమ్ములు 1921–22 కరవులోనూ, 1932–33 కరవులోనూ రాసిన ఉత్తరాలు ఇక్కడి జర్మన్ పత్రికల్లో అచ్చయ్యేవి. తిండి లేదనీ, ఫలానా ఇంట్లో ఎందరు పోయారనీ పేరు పేరునా రాసిన ఉత్తరాలవి. తరువాత ఆ ఉత్తరాలు రావడం ఆగిపోయింది. ఇక్కడి విశ్వవిద్యాలయంలో రష్యా జర్మన్ల కోసం ప్రత్యేకంగా ఒక భాండాగారం నడుస్తోంది. అక్కడ ఒకసారి అలాంటి ఉత్తరాన్ని చూశాను. కాగితం దొరక్క, ఏదో లెక్కల పుస్తకం నుంచి చింపిన పుట మీద, అంచుల దాకా ఖాళీ వదలకుండా రాశారు.

మిస్సోరి కోడలు:

మీరు అడిగింది నిజమే. 1916 తరువాత 1920 వరకు ఒక్క ఉత్తరమూ లేదు. అత్తగారిని అడిగాను. ఆవిడ చాలాసేపు మాట్లాడలేదు, తరువాత తన తల్లి నోట విన్నది చెప్పారు. 1918 వసంతంలో వాళ్ల అమ్మమ్మ ఉత్తరాల కట్టలను గోనెసంచిలో చుట్టి, పంది మాంసం వేలాడదీసి పొగబెట్టే గదిలో వెనుక దూలం మీద దాచిందట. పక్కింటివాళ్లు తమ దగ్గరున్న జర్మన్ కాగితాలన్నీ పెరట్లో తగలబెట్టారట. నేను వెళ్లి ఒక కట్టను ముక్కు దగ్గర పెట్టుకుని చూశాను. నూరేళ్లు దాటినా సన్నగా పొగ వాసన వస్తోంది. ఇన్నాళ్లూ అది పాత కాగితం వాసన అనుకున్నాను.

డకోటా గాలి:

ఆ భయం ఉత్తినే పుట్టలేదమ్మా. మొదటి ప్రపంచ యుద్ధంలో అమెరికా జర్మనీతో పోరాడుతున్న రోజులవి. మీకు నది అవతల, ఇల్లినాయ్‌లోని కాలిన్స్‌విల్‌లో 1918 ఏప్రిల్ 5న రాబర్ట్ ప్రాగర్ అనే జర్మన్ గని కార్మికుణ్ణి గుంపు చెట్టుకు ఉరితీసింది. ఉరితీసే ముందు జర్మనీలోని తల్లిదండ్రులకు నాలుగు ముక్కలు రాసుకోనిచ్చారు. నిందితులను న్యాయస్థానం విడిచిపెట్టింది. మే 23న అయోవా గవర్నరు బహిరంగ స్థలాల్లోనూ, రైళ్లలోనూ, టెలిఫోనులోనూ, చర్చిలోనూ ఇంగ్లీషు తప్ప మరో భాష మాట్లాడకూడదని ప్రకటించారు. సెయింట్ లూయిస్‌లో బెర్లిన్ అవెన్యూ పేరు మార్చారు. నెబ్రాస్కాలో చిన్నపిల్లలకు జర్మన్ నేర్పడమే 1919లో నేరమైంది. 1923లో సుప్రీంకోర్టు ఆ చట్టాన్ని కొట్టివేసింది గానీ, అప్పటికే ఇళ్లల్లో పిల్లలతో జర్మన్ మాట్లాడటం మానేశారు. మీ అత్తగారికి నాలుగు మాటలే మిగలడానికి కారణం నిర్లక్ష్యం కాదని ఆవిడకు చెప్పండి.

ఫిలడెల్ఫియా తెలుగు:

చిన్న సమాచారం. పెన్సిల్వేనియా జర్మన్లు బిడ్డ పుట్టుక, బాప్తిస్మం వివరాలను పక్షులతో, పూలతో రంగులు వేసి రాయించుకునే తౌఫ్‌షైన్ అనే పత్రాలు ఉంటాయి. గోడకు కట్టేవి కావు అవి, బైబిలులో మడిచి పెట్టుకునేవారు, లేదా పెట్టె మూత లోపలి వైపు అంటించేవారు. స్వాతంత్ర్య యుద్ధంలో పోరాడినవారి భార్యలు పింఛను కోసం రుజువుగా వాటిని ప్రభుత్వానికి సమర్పించడంతో, కొన్ని ఇప్పటికీ వాషింగ్టన్‌లోని జాతీయ భాండాగారంలో ఉన్నాయి. మీది పెన్సిల్వేనియా కుటుంబం కాదు గానీ, పెట్టె మూత లోపలి వైపు, కీర్తనల పుస్తకం అట్ట మడతల్లో ఒకసారి చూడండి.

దస్త్రాల గది:

ఇంత విలువైన వరసను ఇంట్లో ఉంచడం మంచిది కాదని నా అభిప్రాయం. మీ మిస్సోరిలోనే కొలంబియా పట్టణంలో రాష్ట్ర చరిత్ర సంఘం ఉంది, ఇలాంటివి తీసుకుని సరైన గదిలో ఉంచుతారు. ఇంటికి నిప్పంటుకున్నా, పైపు పగిలినా తొంభై ఏళ్ల ఉత్తరాలు ఒక్క రోజులో పోతాయి.

డకోటా గాలి:

పెద్దవారు, మీ మాట కాదనడం లేదు. కానీ భాండాగారానికి ఇచ్చిన కుటుంబాలను నేను చూశాను. ఇచ్చిన రోజున ఫొటో దిగుతారు, ఆ తరువాత మనవళ్లు ఒక్కరూ అక్కడికి వెళ్లరు. పొగ గదిలో దాచిన మనిషి చేతి నుంచి ఇంకొక మనిషి చేతికి వచ్చినవి ఇవి. అత్తగారు బతికి ఉండగా మాత్రం కదిలించవద్దని నా మనవి.

రైన్ ఒడ్డున:

ఇద్దరి మాటలకూ మధ్య దారి ఉంది. ముందు ప్రతి ఉత్తరాన్నీ, కవరునూ, వెనుక వైపునూ స్కాన్ చేయండి. ఆ నకలును చరిత్ర సంఘానికీ, జర్మనీలో గోథా పట్టణంలోని పరిశోధన గ్రంథాలయానికీ ఇవ్వవచ్చు. 1980లలో మా బోహుమ్ విశ్వవిద్యాలయంలో మొదలైన వలస ఉత్తరాల సేకరణ ఇప్పుడు గోథాలో ఉంది. పాత ఉత్తరాలుంటే చూపించమని జనాన్ని అడిగి వేల కొద్దీ పోగు చేశారు.

ఇక్కడ ఒక సంగతి మీరు గమనించాలి. ఏ కుటుంబం దగ్గరైనా తాము అందుకున్న ఉత్తరాలే ఉంటాయి, తాము రాసినవి ఉండవు. మీ పెట్టెలో ఉన్నది అన్న గొంతు మాత్రమే. మీ అత్తగారి ముత్తాత మిస్సోరి గురించి ఏం రాశారో, ఏం దాచారో అది జర్మనీలో ఏదో ఇంటి బీరువాలో ఉండవచ్చు, గోథాలో ఉండవచ్చు. అన్న అడిగిన ప్రశ్నలను బట్టి తమ్ముడు రాసినదాన్ని ఊహించుకోవలసి ఉంటుంది. గోడ అవతల ఎవరో మాట్లాడుతుంటే ఒక వైపు మాటలే వినబడినట్టుంటుంది ఇది.

1868 ఉత్తరం చదివాను. చేతిరాతలను గుర్తించే ట్రాన్స్‌క్రిబస్ అనే సాధనంతో మొదట ఒక చిత్తుప్రతి తీసి, తరువాత పదం పదం నేనే సరిచూశాను. మన ఉభయకుశలోపరి లాగానే మొదలవుతుంది. దేవుడి దయవల్ల మేము ఆరోగ్యంగా ఉన్నాం, మీరూ అలాగే ఉన్నారని తలుస్తాం అన్న మాట లేని ఉత్తరం ఈ కాలంలో దాదాపు ఉండదు. కానీ అన్న ఇక్కడ ఆ వాక్యాన్ని సగంలో ఆపి, ఈసారి అలా రాయలేకపోతున్నానని చెప్పాడు. తల్లి ఫిబ్రవరిలో పోయిందనీ, మూడు వారాలు మంచాన ఉందనీ, చివరి రోజుల్లో తమ్ముడి పేరు రెండుసార్లు తలచిందనీ రాశాడు. ఆమె వడికి, ఆమే నేసిన ఆఖరి తానులో నుంచి శవం మీద కప్పడానికి కావలసినంత తీసుకుని, మిగిలినదాన్ని పిల్లలందరికీ పంచామనీ, సముద్రం దాటి పెద్ద ముక్క పంపితే టపా ఖర్చు భరించలేను కనుక ఇంతే పంపుతున్నాననీ ఉంది. తరువాత పేరా అంతా ఆవు ధర, కౌలు, ఇద్దరు పిల్లల కోరింత దగ్గు.

టపా ఖర్చు అన్న మాటను తేలికగా తీసుకోకండి. 1874లో బెర్న్ ఒప్పందం జరిగి, మరుసటి ఏడాది నుంచి దేశాల మధ్య ఒకే తీరు రేటు వచ్చేదాకా, కూలివాడికి అమెరికా ఉత్తరం అంటే ఆలోచించి చేసే ఖర్చు.

చీరాల మగ్గం:

నేత అంచు ఉన్న ముక్కనే కత్తిరించి పంపాడు చూడండి. తాను మధ్యలో నుంచి ఏ ముక్క తీసినా బట్టే. అంచు చూస్తే నేసిన చెయ్యి ఎవరిదో ఇంటివాళ్లకు తెలుస్తుంది.

మిస్సోరి కోడలు:

ఆలస్యంగా రాస్తున్నందుకు క్షమించాలి. ఆదివారం మధ్యాహ్నం వంటింటి బల్ల దగ్గర కూర్చుని, రైన్ ఒడ్డున గారు పంపిన పాఠాన్ని నాకు వచ్చిన ఉచ్చారణతో అత్తగారికి జర్మన్‌లో చదివి, వాక్యానికి వాక్యం ఇంగ్లీషులో చెబుతూ వచ్చాను. పెద్ద పొలం లేదన్న సంగతికి ఆవిడ బాధపడలేదు, అన్నదమ్ములు కొట్లాడుకోలేదు కదా, అది చాలు అన్నారు.

తల్లి పోయిందన్న వాక్యం దగ్గర నన్ను ఆపి, ఆ మాట మళ్లీ చదవమన్నారు. పాఠంలో బెస్ట్ మోడర్ అని రెండు మాటలుగా ఉంది, ఉత్తమమైన తల్లి అన్న అర్థంలో. అత్తగారు తల అడ్డంగా ఊపి, అది ఒకే మాట అన్నారు. బెస్‌మోడర్. తన చిన్నతనంలో ఇంట్లో అమ్మమ్మను అందరూ అలాగే పిలిచేవారట. తల్లిని కాదట, తల్లికి తల్లిని, తండ్రికి తల్లిని. డెబ్బై ఏళ్లుగా ఆ మాట నోటితో పలకలేదని చెప్పి, ఇంకో రెండుసార్లు మెల్లగా పలికి చూసుకున్నారు.

వెంటనే 1870 ఉత్తరం తీశాను. రైన్ ఒడ్డున గారు దాని చివరి పుట మాత్రం చదివి పంపారు. అందులో సంతకాలకు పైన, అమ్మ నీకు దీవెనలు చెప్పమంది అని ఉంది.

రైన్ ఒడ్డున:

మీ అత్తగారే సరి, పొరపాటు నాది. ఆ ప్రాంతంలో ఇంట్లో మాట్లాడేది ప్లాట్ అనే మాండలికం, ఉత్తరం రాసేది బడిలో నేర్చుకున్న పుస్తక భాష. పుస్తక భాష మధ్యలో ఇంటి మాట వస్తే యంత్రమూ పోల్చుకోలేదు, తరగతిలో చదువుకున్న నేనూ పోల్చుకోలేదు. నా పాఠాన్ని దిద్ది, సరిచేసినవారుగా మీ అత్తగారి పేరు చేర్చి మళ్లీ పంపుతున్నాను. మిగిలిన అరవై రెండింటిలో నాకు తెలియని మాటలన్నీ ఒక జాబితాగా రాసి పంపుతాను. అవి ఆవిడకు చదివి వినిపించండి. రోజుకు నాలుగైదు మించకుండా.

మిస్సోరి కోడలు:

అలాగేనండి. బట్ట ముక్క కవరు మీద సంఖ్య పక్కన పెన్సిల్‌తో 'బెస్‌మోడర్' అని ఇంగ్లీషు అక్షరాల్లో అత్తగారే రాశారు. జాబితా ఎప్పుడు వస్తుందని ఈ ఉదయం అడిగారు.